చలి నేలల ద్రాక్ష, తెలుగు పందిళ్లు

మొగ్గ విచ్చినప్పటి నుంచి గుత్తి కోసేదాకా సగటు ఉష్ణోగ్రత 13 నుంచి 15 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండే చోట్లను ద్రాక్ష శాస్త్రం చలి ప్రాంతాలంటుంది. జర్మనీలోని మోసెల్ లోయ, ఫ్రాన్స్‌లోని షాంపేన్, దక్షిణ ఇంగ్లండ్ ఈ కోవలోకి వస్తాయి. సగటు 19 డిగ్రీలు దాటితే అది వేడి ప్రాంతం. బాపట్ల జిల్లా వాడరేవు తీరంలో ఏడాది మొత్తానికి సగటు తీసినా 28 డిగ్రీల చుట్టూ ఉంటుంది. ఈ అంకెలు చూస్తే చలి దేశపు ద్రాక్షకూ తెలుగు నేలకూ ఏ పొత్తూ లేదనిపిస్తుంది. కానీ 17వ శతాబ్దంలో గోల్కొండ రాజ్యంలో తెల్ల వైన్ చేశారు. 20వ శతాబ్దంలో హైదరాబాద్ శివార్లు దేశానికే ద్రాక్ష పాఠాలు నేర్పాయి. ఈనాడు హంపి కొండల్లో ఒక తెలుగు దంపతుల తోట ఐరోపా రకాలతో వైన్ తీస్తోంది. చలి ఉన్న దేశాల్లో ప్రకృతి చేసిపెట్టే పనిని చలి లేని చోట రైతు కత్తెరతో చేయించాడు. ద్రాక్ష రకాలను, వైన్ శైలులను తెలుగు నేల నుంచి చూసేటప్పుడు మొదట గుర్తించవలసింది ఈ సంగతినే.

చలి చేసే పని

ద్రాక్షపండు మగ్గేటప్పుడు లోపల చక్కెర పెరుగుతూ, పులుపు తగ్గుతూ వస్తాయి. ఆ పులుపు ప్రధానంగా టార్టారిక్, మాలిక్ అనే రెండు ఆమ్లాలది. టార్టారిక్ ఆమ్లం ఎండకు పెద్దగా చెక్కుచెదరదు. మాలిక్ ఆమ్లాన్ని మాత్రం పండు తన శ్వాసక్రియకు వాడుకుంటుంది. రాత్రులు కూడా ఉక్కగా ఉన్నాయంటే అది ఇంకా త్వరగా ఖర్చయిపోతుంది. అందుకే వేడి ప్రాంతంలో పండు తీపెక్కేసరికి పులుపు పోయి రసం చప్పబడుతుంది. చలి ప్రాంతంలో పులుపు నిలుస్తుంది, చక్కెర నిదానంగా చేరుతుంది, ఆ నిదానంలోనే వాసననిచ్చే పదార్థాలు పండు తోలులో పోగవుతాయి. చక్కెరే ఆల్కహాల్‌గా మారుతుంది కాబట్టి చలి ప్రాంతపు వైన్‌లో ఆల్కహాల్ చాలావరకు 8 నుంచి 12 శాతం మధ్య ఉంటుంది. ఎండ దేశాల ఎర్ర వైన్లు 14 దాటడం మామూలే.

చలికి ఇంకో పనీ ఉంది. శీతాకాలం తీగను నిద్రపుచ్చుతుంది. ఆకు రాలి, రసం ప్రవాహం ఆగి, వసంతంలో తోట అంతా ఒకేసారి చిగురిస్తుంది. పూత, పిందె, పండు అన్నీ ఒక వరుసలో నడుస్తాయి. నిద్ర లేని తీగ ఏడాది పొడవునా అక్కడొక కొమ్మ, ఇక్కడొక కొమ్మ వేస్తూ పోతుందే తప్ప కోతకు అక్కరకొచ్చే కాపు ఇవ్వదు.

తోటకు అందే వేడిని కొలవడానికి 1944లో కాలిఫోర్నియా శాస్త్రవేత్తలు అమెరైన్, వింక్లర్ ఒక పద్ధతి చూపారు. ఏప్రిల్ నుంచి అక్టోబర్ వరకు ప్రతి రోజు సగటు ఉష్ణోగ్రతలో 10 డిగ్రీలకు పైనున్న భాగాన్ని కలుపుకుంటూ పోవాలి. మొత్తం 1390 లోపు వస్తే అది అన్నిటికన్నా చల్లని తరగతి. 2222 దాటితే అన్నిటికన్నా వేడి తరగతి. అంతకు మించిన తరగతిని వారు పెట్టలేదు. వాడరేవుకు ఇదే లెక్క కడితే, రోజుకు సగటున 28 డిగ్రీలే అనుకున్నా, 214 రోజులకు 18 చొప్పున 3852 వస్తుంది.

చలి నేలల రకాలు

రీస్లింగ్ చలి నేలలకు పట్టపుదేవి. జర్మనీలోని రుసెల్స్‌హైమ్‌లో ఒక కౌంటు గారి జమాఖర్చుల్లో 1435లోనే దీని పేరు కనిపిస్తుంది. మొగ్గ ఆలస్యంగా వేస్తుంది కాబట్టి వసంతపు మంచు దెబ్బ తప్పించుకుంటుంది. కొయ్య గట్టిది, శీతాకాలాన్ని తట్టుకుంటుంది. మోసెల్ నది ఒడ్డున నిటారు వాలుల మీద, పలక రాళ్ల మధ్య దీన్ని పెంచుతారు. బ్రెమ్ గ్రామం దగ్గరి కాల్మాంట్ వాలు 65 డిగ్రీల దాకా ఉంటుంది. ఆ వాలు మీద యంత్రం నిలవదు, చేతిపనే. అంత శ్రమకు కారణం ఎండ. 50 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో సూర్యుడు ఏటవాలుగా వస్తాడు. దక్షిణానికి మొహం పెట్టిన వాలు ఆ కిరణాలను సూటిగా అందుకుంటుంది. పగలు వేడెక్కిన పలక రాయి రాత్రి ఆ వేడిని తీగకు తిరిగిస్తుంది. కింద నది వెలుతురును పైకి విసురుతుంది. చలి ప్రాంతపు రైతు దాచుకునేది వేడినే.

పినో నువార్ ఎర్ర రకాల్లో చలికి అలవాటైనది. తోలు పలచన, రంగు తక్కువ, పరిమళం ఎక్కువ. ఎండ కాస్త ఎక్కువైతే పండు ఉడికినట్టయి ఆ పరిమళం పోతుంది. బర్గండీలో దీనికి శతాబ్దాల చరిత్ర ఉంది. అమెరికాలోని ఒరెగాన్‌లో 1960ల నడుమ డేవిడ్ లెట్ నాటినప్పుడు అక్కడ పండదని చెప్పినవారే ఎక్కువ. ఇప్పుడు ఆ రాష్ట్రానికి పేరు తెచ్చిన రకమే అది. షార్డనే రకం పినోకూ, గువే బ్లాంక్ అనే నాటు రకానికీ పుట్టిందని 1999లో డీఎన్‌ఏ పరీక్షలు తేల్చాయి. బర్గండీలో రాజాదరణ పొందిన రకానికీ, రైతులు పెరట్లో పెంచుకున్న నాసిరకానికీ పుట్టిన బిడ్డ ఈనాడు ప్రపంచమంతా తిరుగుతోంది. ఎర్ర రకాల్లో ప్రసిద్ధమైన కాబర్నే సోవిన్యోన్ కూడా ఇలాంటి సంకరమే. కాబర్నే ఫ్రాంక్, సోవిన్యోన్ బ్లాంక్ దీని తల్లిదండ్రులని 1997లో తెలిసింది. ఎర్ర ద్రాక్షకు తెల్ల ద్రాక్ష కన్నవారిలో ఒకటి కావడం అప్పట్లో చాలామందిని ఆశ్చర్యపరిచింది.

ఇంకా కఠినమైన చలి ఉన్నచోట ఈ రకాలేవీ బతకవు. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయం అడవి ద్రాక్షతో సంకరం చేసి 1996లో ఫ్రాంటెనాక్, 2006లో మార్కెట్ అనే రకాలను విడుదల చేసింది. సున్నాకు దిగువ 30 డిగ్రీల చలిని కూడా ఇవి తట్టుకుంటాయి. న్యూయార్క్ రాష్ట్రపు ఫింగర్ లేక్స్‌లో మరో దారి తొక్కారు. ఉక్రెయిన్ నుంచి వచ్చిన కాన్‌స్టాంటిన్ ఫ్రాంక్, చలికి ఓర్చే వేరుమూలాల మీద ఐరోపా రకాలను అంటుకట్టి, లోతైన సరస్సుల వెచ్చదనం ఆసరాగా రీస్లింగ్‌ను నిలబెట్టాడు. 1962లో ఆయన స్థాపించిన వైనరీ ఇప్పటికీ నడుస్తోంది.

ఒకే పండు, పలు శైలులు

శైలి అంటే రకం ఒక్కటే నిర్ణయించేది కాదు. పండు ఎప్పుడు కోశారు, తోలుతో పులియబెట్టారా లేదా, చక్కెర అంతా పోనిచ్చారా మధ్యలో ఆపారా అన్నవి కూడా కలిస్తే శైలి. పండు పిండి రసాన్ని మాత్రమే పులియబెడితే తెల్ల వైన్. ఎర్ర ద్రాక్షను తోలుతో సహా పులియబెడితే రంగు, వగరు దిగి ఎర్ర వైన్ అవుతుంది. ఎర్ర ద్రాక్షనైనా వెంటనే పిండితే రసం తెల్లగానే వస్తుంది. షాంపేన్‌లో పినో నువార్ నుంచి బుడగలు పొంగే తెల్లని మెరుపు వైన్ తీసే కిటుకు ఇదే.

రీస్లింగ్ ఒక్కదానితోనే జర్మన్లు మెట్లు మెట్లుగా శైలులు కట్టారు. కాబినెట్ తేలికపాటిది. ష్పేట్‌లేజ అంటే ఆలస్యంగా కోసినది. ఔస్‌లేజ ఏరిన గుత్తులది. ఆ పైన బూజు పట్టి ఎండిన పండ్లను ఒక్కొక్కటిగా ఏరి తీసే చిక్కని తీపి వైన్లు. తోటల్లో రైతును ఏడిపించే బూజే, పొద్దున పొగమంచు, మధ్యాహ్నం ఎండ ఉన్న శరత్తులో, పండులోని నీటిని పీల్చి చక్కెరను చిక్కబరుస్తుంది. మరో మెట్టు ఐస్‌వైన్. తీగ మీదే పండు గడ్డకట్టాలి. జర్మన్ నియమం ప్రకారం ఉష్ణోగ్రత సున్నాకు దిగువ 7 డిగ్రీలకు చేరాకే కోయాలి. తెల్లవారకముందే కోసి గడ్డకట్టిన పండునే పిండితే నీళ్లు మంచుగా లోపలే ఉండి, చుక్క చుక్కగా తేనె లాంటి రసం వస్తుంది. ఇంత తీపిలోనూ వెగటు పుట్టకపోవడానికి కారణం ఆ పులుపే.

మెరుపు వైన్‌కు కావలసింది పచ్చితనం పోని పండు. మొదట 10, 11 శాతం ఆల్కహాల్ ఉన్న పుల్లని వైన్ చేసి, సీసాలో కొంచెం చక్కెర, ఈస్ట్ వేసి మళ్లీ పులియబెడతారు. పుట్టిన వాయువు బయటికి పోలేక వైన్‌లో కరిగి ఆరు వాతావరణాల ఒత్తిడి దాకా చేరుతుంది. దక్షిణ ఇంగ్లండ్‌లోని సుద్ద నేలల మీద షార్డనే, పినో నువార్, పినో మునియే పెంచి ఇప్పుడు అక్కడా ఈ శైలిలో మంచి పేరు తెచ్చుకున్నారు.

చక్కెర చాలని ఏడాది ఏం చేయాలన్నది చలి నేలల పాత సమస్య. పులియబెట్టే రసంలో చక్కెర కలపడాన్ని ఫ్రాన్స్‌లో రసాయన శాస్త్రవేత్త, నెపోలియన్ ప్రభుత్వంలో మంత్రి అయిన షాప్తాల్ ప్రచారం చేశాడు. ఆయన పేరే ఆ పద్ధతికి నిలిచింది. వేడి నేలల వైన్ తయారీదారు దీనికి తలకిందులుగా టార్టారిక్ ఆమ్లం కలుపుతాడు. ఒకరికి తీపి కరువైతే మరొకరికి పులుపు కరువు.

ఇసుక ఒకటే, సముద్రం వేరు

వాడరేవు, సూర్యలంక, నిజాంపట్నం వెంబడి ఉన్న ఇసుక నేలను చూసి ఇక్కడ ద్రాక్ష ఎందుకు రాదని అడగవచ్చు. ప్రశ్న అసంబద్ధమైనది కాదు. పోర్చుగల్‌లో లిస్బన్‌కు పడమట, సింత్రా దగ్గర అట్లాంటిక్ ఒడ్డున కొలారెస్ అనే ఊరుంది. అక్కడ సముద్రపు ఇసుకలోనే ద్రాక్ష వేస్తారు. ఇసుక పొర లోతుగా తవ్వి, కింది బంకమట్టికి తీగ వేరు అందేలా నాటుతారు. ఉప్పుగాలి తగలకుండా ఎండిన గడకర్రలతో దడి కడతారు. తీగను నేలబారుగా పారనిస్తారు. ఎర్ర వైన్‌కు రమిస్కో, తెల్ల వైన్‌కు మల్వసియా అక్కడి రకాలు. 1908లోనే దానికి చట్టబద్ధమైన హద్దులు గీశారు.

కొలారెస్‌ను ఇసుకే కాపాడింది. 1860లలో అమెరికా నుంచి వచ్చిన ఫిలోక్సెరా అనే వేరుపురుగు ఐరోపా తోటలను దాదాపు తుడిచిపెట్టింది. ఆ పురుగు ఇసుకలో దారి చేసుకుని పోలేదు. ఐరోపా అంతా అమెరికా వేరుమూలాల మీద అంటు కట్టుకుని బయటపడితే, కొలారెస్ తీగలు సొంత వేళ్ల మీదే నిలిచాయి.

వాడరేవు ఇసుక కూడా ఆ పురుగును రానివ్వదు. కానీ కొలారెస్ సముద్రం చల్లనిది, బంగాళాఖాతం ఏడాదిలో ఎక్కువ భాగం 27 నుంచి 30 డిగ్రీల వెచ్చని నీరు. సముద్రం పక్కనుంటే చాలు తోట చల్లబడుతుందన్నది పొరపాటు. చిలీలోని కాసాబ్లాంకా లోయను హంబోల్ట్ ప్రవాహం, కాలిఫోర్నియా తీరాన్ని అక్కడి చల్లని ప్రవాహం చల్లబరుస్తాయి. వెచ్చని సముద్రం ఇచ్చేది తేమను, తుపానును. బాపట్ల తీరంలో డిసెంబర్ రాత్రి కూడా 20 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటుంది. గాలిలో తేమకు ఆకు ఆరదు. ఆరని ఆకు మీద బూజు తెగులు, పక్షికన్ను తెగులు వాలతాయి.

తుపాను సంగతి మరీ ముఖ్యం. దక్కనులో ద్రాక్షను అక్టోబర్‌లో కత్తిరిస్తే ఆరు వారాలకు, అంటే నవంబర్ చివరికి, పూతకొస్తుంది. ఈ తీరానికి తుపాను వచ్చేదీ అప్పుడే. దివిసీమను, రేపల్లె ప్రాంతాన్ని ముంచెత్తిన ఉప్పెన 1977 నవంబర్ 19న వచ్చింది. మిచౌంగ్ తుపాను 2023 డిసెంబర్ 5న బాపట్ల దగ్గరే తీరం దాటింది. తెనాలి, రేపల్లె వైపు కృష్ణా పశ్చిమ డెల్టా నల్ల నేలలు వరికి పుట్టిల్లు, నీరు నిలవని నేల కోరే ద్రాక్షకు పరాయి నేలలు. ఇసుక కింద వాన నీరు పలచని పొరగా ఉప్పునీటి పైన తేలుతుంటే, దొరువులు తవ్వి ఆ తీపి నీటిని పైపైన తోడి ఇక్కడి రైతులు కూరగాయలు, నారుమళ్లు, జీడిమామిడి పెంచారు. ఈ ఇసుకకు అదే తెలివైన సేద్యం.

పులియబెట్టిన పానీయం మాత్రం ఈ తీరానికీ ఉంది. తాటికల్లు, ఈతకల్లు పులిసేది ద్రాక్ష రసాన్ని పులిపించే ఈస్ట్ జాతితోనే. కల్లులో దానికి తోడు లాక్టిక్, ఎసిటిక్ ఆమ్ల బాక్టీరియాలు చేరతాయి. తాటి నీరాలో చక్కెర 12 శాతం చుట్టూ ఉంటుంది. ముంతలో పడుతుండగానే పులియడం మొదలై, పొద్దున తియ్యగా ఉన్నది మధ్యాహ్నానికి ఘాటెక్కి సాయంత్రానికి పుల్లబడుతుంది. ఆల్కహాల్ సుమారు 4 నుంచి 6 శాతం. పోతుతాడు కల్లు వేరు, పండుతాడు కల్లు వేరు అని గీత కార్మికులు రుచిని బట్టే చెప్పగలరు. చెట్టు, రుతువు, దించిన పొద్దు కలిసి ఇక్కడా శైలులను ఏర్పరిచాయి. జర్మన్లు రీస్లింగ్‌కు కట్టినట్టు వీటికి ఎవరూ మెట్లు కట్టి రాయలేదు. రాయవలసిన పనే.

గోల్కొండ ద్రాక్ష

దక్కను పీఠభూమి మీద కథ వేరు. 14వ శతాబ్దంలో ఇబ్న్ బతూతా దౌలతాబాద్‌లో ద్రాక్ష, దానిమ్మ ఏడాదికి రెండు కాపులు కాస్తాయని రాశాడు. 1660ల్లో గోల్కొండ రాజ్యంలో తిరిగిన ఫ్రెంచి యాత్రికుడు జాన్ ద తెవెనో ఇంకా వివరంగా చెప్పాడు. ఇక్కడ ద్రాక్ష జనవరిలో పండుతుందని, కొన్ని తోటల్లో ఏప్రిల్ దాకా కోతలు సాగుతాయని, దానితో తెల్ల వైన్ చేస్తారని, కోత అయ్యాక తీగను కత్తిరిస్తే నడివేసవిలో పుల్లని కాయ వస్తుందని ఆయన రాత. ఫ్రాన్స్‌లో శరత్తులో వచ్చే కోత ఇక్కడ చలికాలం చివర వస్తోందని, కత్తిరింపే కాపు కాలాన్ని నడుపుతోందని అందులో స్పష్టంగా ఉంది. ఈనాటి తెలంగాణ రైతు పద్ధతికి మూడున్నర శతాబ్దాల కిందటి సాక్ష్యం అది.

ఆధునిక ద్రాక్ష చరిత్ర 1890 ప్రాంతంలో అబ్దుల్ బాకర్ ఖాన్ హైదరాబాద్‌కు అనాబ్-ఎ-షాహి రకాన్ని తేవడంతో మొదలవుతుంది. పొడుగాటి పెద్ద పండు, పండితే లేత పసుపు, లోపల గింజలు, బరువైన గుత్తులు. చాలాకాలం పెద్దల తోటలకే పరిమితమైన ఈ రకం 20వ శతాబ్దం నడుమ నుంచి రైతుల పొలాల్లోకి వచ్చి హైదరాబాద్ చుట్టూ పందిళ్లు లేచేలా చేసింది. కర్ణాటక, తమిళనాడులకూ పాకింది. హెక్టారుకు 40, 50 టన్నులు తీసిన తోటలున్నాయి. ద్రాక్ష దిగుబడిలో భారతదేశానికి ప్రపంచంలో పేరు రావడానికి ఈ పందిళ్లు ఒక ముఖ్య కారణం. బర్గండీలో మేలైన తోట హెక్టారుకు 5 టన్నుల చుట్టూ ఆగిపోతుంది, ఆపేస్తారు కూడా. కాపు తగ్గితేనే పండులో సారం నిలుస్తుందని వారి నమ్మకం.

అనాబ్-ఎ-షాహి వైన్‌కు ఎందుకు నిలవలేదో ఈ పోలికలోనే ఉంది. దీని రసంలో చక్కెర 14 నుంచి 16 శాతం. పులియబెడితే ఆల్కహాల్ 8, 9 శాతం మించదు. అంకె చూస్తే మోసెల్ కాబినెట్‌తో సమానమే. అయితే మోసెల్‌లో చక్కెర తగ్గడానికి కారణం చలి, దానితోపాటు పులుపూ పరిమళమూ నిలుస్తాయి. ఇక్కడ కారణం పెద్ద కాపు, పెద్ద పండు, ఎక్కువ నీరు. కొరికి తినడానికి ఇంత మంచి పండు అరుదు. పిండి తాగడానికి పుట్టింది కాదు.

రెండు కత్తిరింపులు

ఉష్ణ ప్రాంతపు ద్రాక్ష సేద్యానికి ప్రాణం కత్తిరింపు. వేసవిలో, సాధారణంగా ఏప్రిల్‌లో, కొమ్మలన్నీ ఒకటి రెండు కణుపుల దాకా కొట్టేస్తారు. ఈ కత్తిరింపు తర్వాత వచ్చే కొమ్మలు పండుకోసం కావు. వేసవి ఎండలో ఆ కొమ్మల కణుపుల్లో వచ్చే కాపుకు పూమొగ్గలు రూపు కడతాయి. వానాకాలం గడిచాక అక్టోబర్‌లో ఆ కొమ్మలను మొగ్గలున్న కణుపుల దగ్గర మళ్లీ కత్తిరిస్తారు. ఆకు దూసేస్తారు. నిద్ర పోని తీగకు ఇదే కృత్రిమ శీతాకాలం. మొగ్గలన్నీ ఒకేసారి విచ్చడానికి ఇప్పుడు హైడ్రోజన్ సైనమైడ్ మందు కూడా పూస్తారు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో కోత. వానలు మొదలయ్యే సమయానికి తోటలో పండు ఉండకుండా చూసుకోవడం ఈ పంచాంగం ఉద్దేశం.

ఐరోపాలో పండు చలివైపు నడుస్తూ మగ్గుతుంది. సెప్టెంబర్, అక్టోబర్ రాత్రులు రోజురోజుకూ చల్లబడుతుంటే పులుపు నిలుస్తుంది. దక్కనులో పండు ఎండవైపు నడుస్తూ మగ్గుతుంది. హైదరాబాద్‌లో డిసెంబర్, జనవరి రాత్రులు 15 డిగ్రీల దాకా దిగి పిందెకు మేలు చేస్తాయి గాని, పండు మగ్గే వేళకు మార్చి ఎండ వచ్చేస్తుంది. ఒక వారం ఆలస్యమైతే పులుపు జారిపోతుంది. అందుకే భారతదేశంలో మంచి వైన్ తోటలు తెల్లవారకముందే కోసి, పండును చల్లని గదుల్లోకి చేర్చి, ఉష్ణోగ్రత అదుపులో ఉన్న ఉక్కు తొట్లలో పులియబెడతాయి. రకాల ఎంపికలోనూ అదే చూపు. నాసిక్‌లో 1990ల చివర సూల అనే వైన్ సంస్థ తోటలు వేసినప్పుడు షెనిన్ బ్లాంక్, సోవిన్యోన్ బ్లాంక్ ఎంచుకున్నారు. వేడిలోనూ పులుపు వదలని గుణం షెనిన్‌ది.

తెగుళ్ల విషయంలో ఫ్రాన్స్‌కూ తెలంగాణకూ ఒకే మందు పనికొచ్చింది. బోర్డో దగ్గర దారి పక్క తీగల మీద దొంగలు పండ్లు కోయకుండా రైతులు మైలుతుత్తం, సున్నం కలిపి చల్లేవారు. ఆ తీగలకు బూజు తెగులు రాకపోవడం గమనించిన శాస్త్రవేత్త మిలార్డే 1885లో బోర్డో మిశ్రమాన్ని లోకానికి తెలిపాడు. తెలుగు రైతు ఇప్పటికీ దాన్ని ఆ పేరుతోనే పిలుస్తాడు.

అనాబ్-ఎ-షాహి సంతానం

హైదరాబాద్ ద్రాక్ష తాను వైన్ కాకపోయినా వైన్ రకాలకు తల్లి అయింది. బెంగళూరు హెసరఘట్టలోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ దాన్ని సంకరాలకు విరివిగా వాడుకుంది. అనాబ్-ఎ-షాహిని క్వీన్ ఆఫ్ ద వైన్‌యార్డ్స్ రకంతో కలిపి తీసిన అర్క సోమ తెల్లని తీపి వైన్‌కు పనికొచ్చేది. అదే జంట నుంచి అర్క కాంచన్ కూడా వచ్చింది. బెంగళూరు బ్లూతో కలిపితే అర్క హంస్, ఇదీ వైన్ రకమే. థాంప్సన్ సీడ్‌లెస్‌తో కలిపితే గింజల్లేని అర్క శ్వేత. పెద్ద పండు, పెద్ద కాపు ఇచ్చే తల్లికి, సువాసన, పులుపు ఇచ్చే జోడీని వెతకడం ఈ ప్రయత్నాల సారం. ఇవి రైతుల్లో విస్తరించకపోయినా ఉష్ణ దేశానికి తగిన వైన్ ద్రాక్షను ఇక్కడే పుట్టించాలన్న ఆలోచన సరైనది. బెంగళూరు బ్లూ అమెరికా అడవి ద్రాక్ష రక్తం ఉన్న రకం. తెగుళ్లకు లొంగదు, వాసన ఘాటు. రసానికి, చవక తీపి వైన్‌కు ఎక్కువగా పోతుంది. దానికి 2013లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

హైదరాబాద్‌లోనూ వైన్ తయారైంది. గోల్కొండ పేరుతో వచ్చిన ఎర్రని తీపి వైన్, పోర్ట్ శైలిలో, ఒక తరానికి వైన్ అంటే అదే అనిపించింది. పోర్ట్ శైలి అంటే పులుస్తుండగా ద్రాక్ష సారాయి కలిపి ఈస్ట్‌ను ఆపి, తీపిని మిగల్చడం. పోర్చుగల్‌లోని దౌరో లోయది ఆ పద్ధతి. పులుపు కరువైన వేడి నేలలకు అది అనువైన దారి.

చట్టం గీసిన హద్దు

ఇంత ద్రాక్ష పండిన చోట వైన్ పరిశ్రమ నిలవకపోవడానికి వాతావరణం ఒక్కటే కారణం కాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం 1992లో రాష్ట్రమంతా అంటుకుంది. 1993 అక్టోబర్‌లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో సంపూర్ణ నిషేధం ఎత్తేశారు. ఇళ్లు నిలబెట్టుకోవడానికి ఆడవాళ్లు చేసిన ఆ పోరాటం న్యాయమైనది. ఆ కాలంలో ఆంధ్రప్రదేశ్‌లో వైనరీ పెట్టడానికి వెనకాడటమూ అంతే సహజం. మహారాష్ట్ర 2001లో ద్రాక్ష శుద్ధి విధానం తెచ్చి పన్నుల్లో రాయితీలిచ్చింది. కర్ణాటక కూడా అదే దశాబ్దంలో వైన్ విధానం ప్రకటించింది. నాసిక్, నంది కొండలు ఎదిగింది ఆ నీడలోనే. 1988లో కన్వల్ గ్రోవర్ నంది కొండల దగ్గర, సుమారు 900 మీటర్ల ఎత్తున మొదలుపెట్టిన తోటకు షాంపేన్‌కు చెందిన జార్జ్ వెసెల్, ఆ తర్వాత బోర్డోకు చెందిన మిషెల్ రోలాన్ సలహాదారులయ్యారు.

తెలుగువారి చేతి మీదుగా వచ్చిన ఎస్టేటు కూడా కర్ణాటకలోనే ఉంది. హైదరాబాద్ మందుల సంస్థ గ్రాన్యూల్స్ ఇండియా వ్యవస్థాపకుడు చిగురుపాటి కృష్ణప్రసాద్, ఆయన భార్య ఉమ కలిసి 2000ల చివర హంపి కొండల్లో కృష్మ ఎస్టేట్స్ తోట వేశారు. కాబర్నే సోవిన్యోన్, ఇటలీకి చెందిన సాంజొవేసె, తెల్ల రకాల్లో సోవిన్యోన్ బ్లాంక్ అక్కడి పేరున్నవి. గ్రానైట్ బండల మధ్య ఎర్ర నేల, తక్కువ వాన, పొడి గాలి. చలి లేకపోయినా పొడితనం ఉంది, నీరు జారిపోయే నేల ఉంది. తీరానికి లేనివి ఇవే. పండ్ల పందిరిలా కాకుండా నిలువు తీగల వరుసలుగా పెంచి, కాపును తగ్గించి పండించే ఇలాంటి తోట తెలుగు ద్రాక్ష చరిత్రలో కొత్త అధ్యాయం. పినో నువార్‌ను, రీస్లింగ్‌ను ఇక్కడ నాటకపోవడమే వివేకం. ఎండ ఓర్చే సాంజొవేసె, కాబర్నే నమ్మదగినవి.

హైదరాబాద్ చుట్టూ ఇప్పుడు పందిళ్లు తక్కువ. షంషాబాద్, మేడ్చల్, హయత్‌నగర్ వైపు తోటలున్న నేలలు ఇళ్ల స్థలాలయ్యాయి. కూలి ఖర్చు పెరిగింది, కాలం తప్పిన వానలు పూతను చెడగొట్టాయి. మార్కెట్ గింజల్లేని థాంప్సన్‌కూ, దాని నుంచి వచ్చిన మహారాష్ట్ర రకాలకూ మళ్లింది. తెనాలి, బాపట్ల బళ్ల మీద వేసవిలో కనిపించే తెల్ల ద్రాక్షలో ఎక్కువ భాగం అదే. గింజలున్న పండును కొనేవారు లేక అనాబ్-ఎ-షాహి వెనకపడింది. రాజేంద్రనగర్‌లోని ద్రాక్ష పరిశోధన కేంద్రం ఇప్పటికీ పలు రకాలను పెంచుతోంది. కోతల కాలంలో ప్రదర్శన పెట్టి, తోటలోని పండును జనానికి అమ్ముతుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో హైదరాబాద్ వెళ్లేవారు ఆ తోట చూసి రావాలి. అనాబ్-ఎ-షాహి దొరికితే గింజలున్నాయని పక్కన పెట్టకుండా ఒక గుత్తి కొనాలి. అడిగేవారుంటేనే ఆ తీగను నాటేవారుంటారు.